ఇరికించి రాసిన వాక్యం

ఏరియా ఆసుపత్రి, క్వార్టర్ నం. 4
23 జూన్ 2024, ఆదివారం

చిన్నాయనకు, చిన్నమ్మకు అమల నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. "మీ చిన్నాయన పోస్ట్‌మాన్ కోసం గేటు కాడనే నిలబడుతున్నడు" అని చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. నీకు వినికిడి పోయినప్పటి నుంచి మనిద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఈ కాగితాలే మిగిలాయి. మెసేజ్ పెడతానంటే వినవు. అద్దం మీద వేలితో గుచ్చింది ఉత్తరం ఎట్లా అవుతుందంటావు. సరే, రాస్తున్నాను. ఆలస్యానికి కోపం తెచ్చుకోకు.

ఇక్కడ చేరి పది నెలలైనా నన్నింకా "టెంపరరీ మేడం" అనే అంటారు. వెక్కిరింపు కాదు, గుర్తు కోసం. పర్మనెంట్ డాక్టరు ఒకాయన బదిలీ మీద వెళ్లాడు, ఇంకొకాయన సెలవులో ఉన్నాడు. తొలకరి పడగానే జ్వరాలు మొదలయ్యాయి. పొద్దున తొమ్మిదికి నేను కుర్చీలో కూర్చునే సరికి వరుస గేటు దాకా ఉంటుంది. ఓపీ, వార్డు రెండూ నావే.

ఈ నెల పదకొండున వార్డులో ఒకామె చనిపోయింది. పేరు సోమమ్మ. నలభై ఏళ్లుంటాయేమో. చేనులో కాలికి పత్తికట్టె గుచ్చుకుని, వాచి, జ్వరంతో వచ్చింది. భర్త ఎంకన్న బండి మీద తీసుకొచ్చాడు. తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ వార్డులోకి వెళ్లింది. ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడలేదు. చేయాల్సిందంతా చేశాం. దక్కలేదు. కొందరి ఒంటికి కొన్ని మందులు పడవు చిన్నాయనా. విచారణ నడుస్తోంది. సూది వేసిన నర్సు స్వరూపను అడుగుతున్నారు. నన్నూ అడిగారు. చెప్పాల్సింది చెప్పాను.

అన్నం సహించడం లేదు. వానకు క్వార్టర్ గోడలు చెమ్మ పట్టాయి, అదొక కారణం కావచ్చు. చిన్నమ్మను మామిడికాయ తొక్కు పంపమను.

నీ అమల

*

మాణికేశ్వర్ నగర్, హైదరాబాద్
30 జూన్ 2024

బిడ్డా అమలమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నోటితో మాట్లాడితే మన బస్తీ మాట, కలం పడితే పుస్తకాల భాష వస్తుంది నాకు. ముప్పై ఏళ్లుగా యూనివర్సిటీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసినవాడికి ఆ మాత్రం అంటుకోదా?

బైండింగ్ సెక్షన్‌లో ఒకప్పుడు పదకొండు మందిమి. ఇప్పుడు నేనూ, జిగురు డబ్బా. నిన్న మధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద కూర్చుని అన్నం తింటుంటే, నౌకరీ పరీక్షలకు చదువుకునే పిల్లలు చుట్టూ చేరారు. పొద్దున నుంచి పొద్దుగూకే దాకా అక్కడే చదువుతారు. రఘువీర్ అని లా చదివే పిల్లవాడు కాగితం మీద రాసి అడిగాడు, "కాకా, మీ బిడ్డ డాక్టరంట గదా?" అని. "అన్న బిడ్డ. అన్నా వదినా పోయినంక నా బిడ్డే," అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు వినబడదు కానీ, అటు నడిచి పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆ సోమమ్మ సంగతి మనసులో పెట్టుకోకు. నీ తప్పు లేనిదానికి నువ్వు ఎండిపోతే ఎట్లా? నా కోపమల్లా ఆ నర్సు మీదే. సూది ఇచ్చే ముందు చర్మం మీద చుక్కంత మందు వేసి చూస్తారు కదా, నాకూ ఒకసారి చేశారు. అది కూడా చేయకుండా మనిషి ప్రాణంతో ఆడుకుంటారా? డాక్టరు రాసింది రాసినట్టు చేయడమే కదా వాళ్ల పని. నీ మంచితనం కొద్దీ ఆమెను వెనకేసుకు రావద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

తొక్కు రెండు సీసాలు పంపుతున్నాం. ఒకటి నీ తోటి వాళ్లకు.

నీ మేలు కోరే
సామేలు చిన్నాయన

*

ఏరియా ఆసుపత్రి
14 జూలై 2024

చిన్నాయనకు,

తొక్కు అందింది. ఒక సీసా వార్డులో ఇచ్చాను.

స్వరూపను ఉద్యోగం నుంచి తీసేశారు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం కాబట్టి ఒక్క కాగితంతో అయిపోయింది. ఆరేళ్ల సర్వీసు.

నువ్వు రాసినట్టు ఆమె నిర్లక్ష్యపు మనిషి కాదు. దయచేసి ఇంకోసారి ఆ మాట అనకు. నెలల పిల్లలకు నరం దొరక్క మేమందరం చేతులెత్తేస్తే ఆమెను పిలిచేవాళ్లం. ఒక్క గుచ్చుతో దొరకబట్టి, ఏడ్చే పిల్లను ఎత్తుకుని వార్డంతా తిప్పేది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఏ మందు స్టోర్‌లో ఉందో, ఏది లేదో చీటీ రాసి నా టేబుల్ మీద పెట్టేది ఆమే.

ఎంకన్న ఆమె ఇంటి ముందుకు వెళ్లి దోసిళ్లతో మన్ను ఎత్తిపోశాడట. "నా పెండ్లాన్ని సంపినవు, నీ ఇల్లు ఇట్లనే మన్నుగాను" అని వాడకట్టంతా వినేటట్టు అరిచాడట. అప్పటి నుంచి ఆమె గడప దాటడం లేదు. హైదరాబాద్ వెళ్లిపోదామనుకుంటోందని విన్నాను. మా ఫార్మసీలో పనిచేసే దేవేందర్ చేత మన ఇంటి అడ్రసు పంపాను. వస్తే ఒక గది చూసిపెట్టు చిన్నాయనా. చిన్నదో పెద్దదో ఒక పని కూడా. ఇంత వరకు నిన్ను ఏమీ అడగలేదు, ఇది మాత్రం కాదనకు.

ఆమెను ఏమీ అడగొద్దు. పాత విషయాలు తీస్తే బాధపడుతుంది.

చిన్నమ్మ మోకాళ్ల నొప్పికి నేను రాసిన మాత్రలు తిన్న తర్వాతే వేసుకోమను.

అమల

*

మాణికేశ్వర్ నగర్
4 ఆగస్టు 2024

బంగారు బిడ్డకు,

స్వరూప వచ్చి పన్నెండు రోజులైంది. మన వెనక ఇంటి మేడ మీద రేకుల గది ఉంది కదా, అది ఇప్పించాను. అన్నం మాత్రం మన ఇంట్లోనే. నర్సు ఉద్యోగానికి హబ్సిగూడ నుంచి విద్యానగర్ దాకా నేనే వెంట తిరిగాను. ఎక్కడికి వెళ్లినా, పాత ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితం చూపించమంటారు. ఆమె దగ్గర ఉన్నదల్లా తీసేసిన కాగితం. చివరికి తార్నాకలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే పనికి కుదిరింది.

నీ గుణం నాకు తెలుసు కానీ ఇంత అని తెలియదు. ఎవరో తోటి ఉద్యోగికి కష్టం వస్తే నువ్వు ఇంత తాపత్రయపడ్డావు. చిన్నమ్మ చర్చిలో అందరి ముందు నిలబడి నీ మంచితనం గురించి సాక్ష్యం చెప్పింది.

నేను ముందు ఆ అమ్మాయి మీద రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి, వెలుతురు ముఖం మీద పడేటట్టు నిలబడి, పెదవులు మెల్లగా కదిలిస్తుంది. ఇన్నేళ్లలో ఎవరూ అట్లా చేయలేదు. నేను మనుషుల్లో పడ్డట్టుంది.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. గోడ మీద నీ తెల్లకోటు ఫొటో ఉంది కదా. అన్నానికి వచ్చినప్పుడు ఆమె ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది. రోజూ అంతే.

నువ్వు వద్దన్నావు కానీ ఉండబట్టలేక అడిగాను. "పరీక్ష ఎందుకు చేయలేదు బిడ్డా?" అని. నా ముఖం చూసి, "చేయనిస్తే చేస్తుంటి కాకా," అన్నది. "ఎవరు చేయనియ్యలే?" అంటే పళ్లెం తీసుకుని లేచిపోయింది.

అంటే ఎవరో పైవాళ్లు ఆమెను బలి చేశారన్న మాట! మీ సూపరింటెండెంట్ భానుప్రకాశ్ పనేనా? నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు కదా తల్లీ. నీకు తెలియదా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు?

రఘువీర్‌తో మాట్లాడాను. అప్పీలు పెట్టొచ్చంటున్నాడు.

నిన్ను చూసి పొంగిపోతూ
చిన్నాయన

*

ఏరియా ఆసుపత్రి
18 ఆగస్టు 2024

చిన్నాయనా,

చర్చిలో నా గురించి అట్లాంటివి చెప్పొద్దని చిన్నమ్మకు చెప్పు. దండం పెట్టి అడుగుతున్నాను.

భానుప్రకాశ్ సార్ చెడ్డవాడు కాదు. ఆయన ఆ రోజు జిల్లా మీటింగులో ఉన్నాడు. ఆయన మీద అనుమానం పెట్టుకోకు.

అప్పీలు ఇప్పుడు వద్దు. మళ్లీ విచారణ అంటే స్వరూపను మళ్లీ పిలుస్తారు, మళ్లీ అవే ప్రశ్నలు. ఎంకన్న కూడా వస్తాడు. మానుతున్న పుండును కెలకడం ఎందుకు? ఆమెకు మంచి ఉద్యోగం దొరికేటట్టు నేనే ఎవరినైనా అడుగుతాను.

ఇంకో మాట. పర్మనెంట్ పోస్టులకు దరఖాస్తు పెట్టాను. కాంట్రాక్టులో చేసిన కాలానికి కొన్ని మార్కులు కలుపుతారు. జాబితా డిసెంబరులో వస్తుందంటున్నారు. వస్తే మనిద్దరం పడ్డ కష్టం ఒక గట్టుకు చేరుతుంది. అప్పటి దాకా ఈ ఆసుపత్రి పేరు ఏ గొడవలోనూ పడకపోతే మంచిది. స్వార్థంగా రాస్తున్నాననుకుంటావేమో. అనుకో.

పొద్దున వార్డు రౌండుకు వెళ్తే సోమమ్మ ఉన్న ఆరో నంబరు మంచం దగ్గర నా కాళ్లు తొందరగా నడుస్తాయి. ఇప్పుడు అక్కడ ఒక ముసలమ్మ ఉంది. "నన్ను సూడకుండనే పోతవేంది డాక్టరమ్మా?" అని నిన్న కొంగు పట్టుకుని ఆపినట్టు నా కోటు పట్టుకుని ఆపింది.

ఆరోగ్యం జాగ్రత్త.

అమల

*

మాణికేశ్వర్ నగర్
8 సెప్టెంబరు 2024

అమలా,

నీ ఉత్తరం చదివి మొదటిసారి నీ మీద కోపం వచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు.

నీకు సూపరింటెండెంటంటే భయం అని అర్థమైంది. టెంపరరీ ఉద్యోగం, పైవాళ్లను ఎదిరిస్తే తీసేస్తారు. నిజమే. కానీ మేడ మీద గదిలో ఉన్న ఈ పిల్లను తీసేయలేదా? ఆమెది ఉద్యోగం కాదా? నిన్న వానలో తార్నాక మెట్రో దగ్గర నుంచి తడిసి వస్తే చిన్నమ్మ తల తుడిచింది. అప్పుడు ఏడ్చింది. నేను తల తిప్పుకున్నాను.

అప్పీలు పెట్టేశాం. రఘువీర్ రాశాడు, స్వరూప సంతకం చేసింది. ముందు వద్దన్నది. "కాకా, దీంతోని మీకే బాధయితది," అన్నది. "నాకేం బాధ బిడ్డా, న్యాయం అయితే సంతోషపడత," అన్నాను. అట్లా చూసి చూసి సంతకం పెట్టింది. విచారణ కాగితాలు, ఆ రోజు కేస్ షీటు నకలు పంపమని అడిగాం. అందులో డాక్టరు ఏం రాశారో, ఎవరు ఏం చెప్పారో బయటపడుతుంది. జవాబు మన ఇంటి అడ్రసుకే వస్తుంది.

నీ పేరు ఎక్కడా రాయించలేదు. నీకు ఏ ముప్పూ రాదు. భయపడకు. కానీ నిన్ను సాక్షిగా అడిగితే మాత్రం నిజం చెప్పు తల్లీ. మీ నాన్న ఉంటే అదే అనేవాడు.

చిన్నాయన

*

మాణికేశ్వర్ నగర్
29 సెప్టెంబరు 2024

అమలా,

కాగితాలు వచ్చాయి.

శుక్రవారం స్వరూప పనికి వెళ్లాక వచ్చాయి. వస్తే విప్పి చూడమని ఆమే చెప్పింది. విప్పాను.

నీ డాక్టరు చదువు నోట్సులు అయిదేళ్లవీ నేనే బైండు చేశాను. నీ ఇంగ్లీషు అక్షరం పెన్ను పట్టిన వేళ్లతో సహా నాకు తెలుసు. కేస్ షీటులో మందు పేరుంది. దాని కింద ఇంకో మందు పేరుంది. ఆ రెండు వరుసల మధ్య, సందు లేని చోట, చిన్న అక్షరాలతో "పరీక్ష చేసిన తర్వాతే ఇవ్వవలెను" అని ఇంగ్లీషులో ఉంది. మిగతా వరుసలు తీరిగ్గా పరుచుకుని ఉన్నాయి, అదొక్కటే ఒంటి కాలి మీద నిలబడింది. ముప్పై ఏళ్లుగా పుస్తకాల మార్జిన్లలో ఏది ముందు రాసిందో ఏది తర్వాత రాసిందో చూస్తున్నవాణ్ని. ఎవరూ నాకు చెప్పనక్కర లేదు.

విచారణలో స్వరూప చెప్పింది కూడా చదివాను. దాని కింద నువ్వు చెప్పిన ఒక్క వాక్యమూ చదివాను. "షీటులో ఉన్నదే నా ఆర్డరు."

సాయంత్రం ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడి అడిగింది, "ఏమైనా వచ్చినయా కాకా?" అని. రాలేదన్నాను. నా జీవితంలో అంత సులువుగా అబద్ధం ఎప్పుడూ రాలేదు. ఆమె సరేనని తల ఊపి, బియ్యం ఏరుతున్న చిన్నమ్మ పక్కన కూర్చుని తనూ ఏరింది.

నిన్న ఆ కాగితాలు లైబ్రరీకి తీసుకెళ్లి, ఎవరూ అడగని ఒక పాత గెజిట్ సంపుటం అట్టలో పెట్టి పైన కాగితం అంటించేశాను. డిసెంబరు దాకా ఆగుదాం. జాబితా రానీ. ఆ తర్వాత చూద్దాం. రఘువీర్‌కు ఏదో ఒకటి చెప్తాను.

ఈ ఉత్తరం చదివి చించేయి.

*

ఏరియా ఆసుపత్రి
6 అక్టోబరు 2024

చిన్నాయనా,

చించలేదు.

నాలుగు నెలలుగా నీకు రాసిన ప్రతి ఉత్తరమూ అబద్ధమే. అబద్ధపు మాట ఒక్కటీ లేకుండా జాగ్రత్తగా రాసిన అబద్ధం. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

జూన్ పదకొండు. మధ్యాహ్నం పన్నెండున్నర. స్వరూప వార్డు నుంచి వచ్చి ఓపీ గది తలుపు దగ్గర నిలబడింది.

"మేడం, సోమమ్మకు ముందల ఎప్పుడో ఒక సూది పడలేదంట. మొకమంతా ఉబ్బిందంట. ఏ సూదో యాదికి లేదంటున్నది. టెస్టు చెయ్యాల్నా, వేరేది రాస్తరా?"

నేను తల ఎత్తలేదు. ముందున్న చీటీ మీద రాస్తూనే, "అందరు గట్లనే అంటరు స్వరూపా. మనకు టైం ఉన్నదా? ఇచ్చెయ్," అన్నాను.

"ఒక్కసారి మీరొచ్చి అడుగుతరా మేడం? రెండు నిమిషాలు."

"ఇచ్చెయ్ అన్న కదా!"

వరుసలో ఉన్నవాళ్లందరి ముందు అరిచాను. ఆమె ముఖం ఎర్రబడింది. వెళ్లి ఇచ్చింది. చర్మం మీద పరీక్ష చేసినా పట్టుబడేదని ఖాయంగా చెప్పలేను. కానీ మా స్టోర్‌లో వేరే రకం మందు ఉంది చిన్నాయనా. ఆ పొద్దున స్వరూప నా టేబుల్ మీద పెట్టిన చీటీలో దాని పేరుంది. లేచి వెళ్లి సోమమ్మను రెండు ప్రశ్నలు అడిగి ఉంటే అదే రాసేదాన్ని.

ఆమె పోయిన గంటకు భానుప్రకాశ్ సార్ ఫోన్ చేసి, "కేస్ షీట్ పూర్తి చేసి పంపండి, జిల్లా ఆఫీసు వాళ్లు అడుగుతున్నారు," అన్నాడు. బయట ఎంకన్న గోడకు తల కొట్టుకుంటున్నాడు. డ్యూటీ గదిలో కూర్చుని షీటు తీశాను. రెండు వరుసల మధ్య ఆ వాక్యం ఇరికించాను. పెన్ను మూత తీయడం, పెట్టడం మధ్య ఎంతసేపో పట్టలేదు. అప్పుడు స్వరూప గురించి ఆలోచించలేదు. నా గురించే ఆలోచించాను. విచారణలో ఆమె, "మేడం ఇచ్చెయ్ అన్నది సార్," అని నా వైపు తిరిగింది. నేను బల్ల మీద ఉన్న కాగితం వైపు చూశాను.

ఆమెకు గది చూడమని నిన్ను అడిగింది మంచితనం కాదు. నాకు నిద్ర పట్టాలని.

నువ్వు సంతకం లేకుండా ఉత్తరం ముగించడం ఇదే మొదటిసారి. నా తప్పుకు స్వరూప ఉద్యోగం పోయింది. ఇప్పుడు నువ్వు ఆమె కళ్లలోకి చూసి అబద్ధం చెప్పావు. ఇంకా డిసెంబరు దాకా ఆగితే చిన్నమ్మ చేత కూడా చెప్పిస్తానేమో.

రేపు పొద్దున సూపరింటెండెంటుకు రాసి ఇస్తున్నాను. నకలు ఇందులో పెట్టాను. ఆ అట్ట కోసి కాగితాలు స్వరూపకు ఇచ్చెయ్. ఈ ఉత్తరం కూడా ఆమెకు చదివి వినిపించు.

అమల

*

మాణికేశ్వర్ నగర్
20 అక్టోబరు 2024

అమలా,

అట్ట కోశాను. నేను కట్టిన పుస్తకాన్ని నేనే కోయడం ఇదే మొదలు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక స్వరూపను పిలిచి, ముందు నా సంగతి చెప్పాను. "కాగితాలు వచ్చి రెండు వారాలయింది బిడ్డా, నేనే దాచిన," అని. తర్వాత నీ ఉత్తరం చదివాను. నా గొంతు ఎట్లా ఉందో నాకు తెలియదు. చిన్నమ్మ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్వరూప గోడ వైపు తిరిగి నీ ఫొటో చూసింది. వచ్చిన ఇన్నాళ్లకు మొదటిసారి. తర్వాత నా ఎదురుగా జరిగి, నాకు తెలిసేటట్టు మెల్లగా మాట్లాడింది.

"మేడం అడ్రసు పంపిన నాడే తెలుసు కాకా, ఎందుకు పంపిందో. చింపేద్దామనుకున్న. కానీ పోనీకి వేరే జాగ లేకుండె. మీరు మంచిగ చూసుకున్నరు. గందుకే చెప్పలే. ఈ ఇంట్ల ఆమెను మీరు ఎట్ల అనుకుంటరో చూసిన."

"నన్ను క్షమిస్తవా బిడ్డా?" అని అడిగాను. నీ గురించి అడిగే ధైర్యం రాలేదు.

"మీది రెండు వారాల అబద్ధం," అన్నది. అంతే. అవునని అనలేదు, కాదని అనలేదు. రెండు రోజులు మన ఇంట్లో అన్నం తినలేదు. మూడో రోజు వచ్చింది. చిన్నమ్మ వడ్డించింది.

నువ్వు ఇచ్చిన స్టేట్‌మెంటు నకలు ఆమె రెండుసార్లు చదివింది. చదివి ఒక్క మాటే అడిగింది. "గిది ఆఫీసుకు రాసింది. ఎంకన్నకు చెప్పిందా?"

నీ ఉత్తరంలో వెతికాను. అందులో లేదు.

రఘువీర్‌కూ అంతా చెప్పాను. ఇప్పుడు చెట్ల కింద నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. అది గౌరవమో జాలో తెలియడం లేదు. నిన్ను నేను చాలా ఎత్తున కూర్చోబెట్టాను బిడ్డా. దిగడానికి మెట్టు లేకుండా చేశాను. నా తప్పు అక్కడుంది. అయినా నువ్వు నా బిడ్డవే. ఆ మాట మళ్లీ రాయడానికి ఇన్ని రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

సామేలు చిన్నాయన

*

ఏరియా ఆసుపత్రి
10 నవంబరు 2024, ఆదివారం

చిన్నాయనా,

స్టేట్‌మెంటు ఇచ్చిన రోజు భానుప్రకాశ్ సార్ కాగితం చదివి, అద్దాలు తీసి, "రెండు నెలలు ఆగరాదమ్మా? ఎవరు అడిగిన్రు నిన్ను?" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. "ఎవరూ అడగలేదు సార్. అదే ఇబ్బంది," అన్నాను. అక్టోబరు ముప్పయ్యో తారీఖున కాంట్రాక్టు రద్దయింది. క్వార్టర్ ఖాళీ చేయడానికి ఈ నెలాఖరు దాకా గడువిచ్చారు. మెడికల్ కౌన్సిల్‌కు రాశారు. వాళ్లు పిలుస్తారు, ఏమంటారో తెలియదు. కొన్నాళ్లు ప్రాక్టీసు ఆపేయొచ్చు, పూర్తిగానే పోవచ్చు. పోలీసు కేసు కూడా కావచ్చన్నారు. జాబితాలో నా పేరు ఇక రాదు. స్వరూప మీద ఉత్తర్వు రద్దు చేశారు. ఆ కాగితం ఈపాటికి ఆమెకు అంది ఉంటుంది. తిరిగి ఈ ఆసుపత్రికే రావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

ఆమె అడిగిన ప్రశ్న చదివాక పది రోజులకు పైగా ఎటూ తేల్చుకోలేదు. ఆఫీసుకు రాయడం తేలిక చిన్నాయనా. కాగితం తిరిగి మన ముఖం వైపు చూడదు. మొన్న గురువారం ఎంకన్న ఊరికి వెళ్లాను.

పత్తి ఏరి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. నడుమ ఆయన ఒక్కసారే ఆపాడు.

"సూది పడదని ఆమె నర్సమ్మకు చెప్పిందా?"

"చెప్పింది."

"నర్సమ్మ నీకు చెప్పిందా?"

"చెప్పింది. నేనే వినలేదు."

కింద ఉన్న పత్తి మూట ముడి బిగించాడు. "అయితే మా సోమమ్మ నోరు తెరిచి అడిగిందన్న మాట," అన్నాడు. "నేనింత కాలం ఏమనుకున్ననంటే, అది భయపడి నోరు మూసుకుని సచ్చిపోయిందనుకున్న. గట్లెట్ల చెప్పకపోతివే అని దాని మీద కూడ కోపం చేసిన."

నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. తిట్టలేదు కూడా. ఇంట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వెళ్లిపోవాలో ఉండాలో తెలియక అక్కడే నిలబడ్డాను. చివరికి ముఖం కడుక్కుని బయటికి వచ్చాడు.

"గా పిల్ల ఇంటి మీద మన్ను పోసిన నేను. ఆమె తల్లి గూడ చూసింది. యాడున్నది ఇప్పుడు?"

"హైదరాబాద్‌లో. తార్నాక దగ్గర, మా చిన్నాయన వాళ్ల వెనక ఇంట్లో."

"నాకు ఆడ తొవ్వ తెల్వది. తోల్కపో. కానీ డాక్టరమ్మా, నీ పక్కన మాత్రం కూసోను."

అందుకని శనివారం పొద్దుటి బస్సుకు బయలుదేరుతున్నాం. ఆయన ముందు సీట్లో, నేను వెనక. ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కాలి. తార్నాకలో దిగాక దారి చూపించేది నేనే కాబట్టి, అక్కడి నుంచి బస్తీ దాకా ఆయన నా వెనక నడవక తప్పదు.

స్వరూపకు ఇద్దరం వస్తున్నామని ముందే చెప్పు. ఏదీ దాచకు. ఆమె నన్ను చూడనంటే నేను వీధి మొదట్లోనే ఆగిపోతాను, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్తాను. నువ్వు బయటికి వచ్చి బతిమాలొద్దు. చిన్నమ్మను కూడా రానివ్వకు.

ఆయన్ని మాత్రం గడప బయట నిలబెట్టొద్దని చెప్పు.

అమల